350 ఇంజన్, టర్బో 350 గేర్‌బాక్స్ ఉన్న 1970 షెవెల్‌కి ఎంత స్టాల్ కన్వర్టర్ వేయాలి?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. కారు 1970 షెవ్రొలే (చెవీ) షెవెల్ మాలిబు. 350 క్యూబిక్ అంగుళాల స్మాల్ బ్లాక్ ఇంజన్, 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర 224/230 డిగ్రీల కామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్; మొదటి అంకె ఇన్‌టేక్‌ది, రెండోది ఎగ్జాస్ట్‌ది), డ్యూయల్ ప్లేన్ ఇన్‌టేక్, నాలుగు బ్యారెల్స్ కార్బురేటర్, హెడర్లు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ టర్బో 350, వెనక యాక్సిల్ రేషియో 3.08, టైర్లు 235/60ఆర్15. శని ఆదివారాల్లో ఊళ్ళో తిప్పుతారు, అప్పుడప్పుడు ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని హైవే మీద ఓ గంట ప్రయాణం చేస్తారు. డ్రాగ్ స్ట్రిప్ ఆలోచన లేదు. షాపు ఆయన 3000 ఆర్‌పీఎం స్టాల్ ఉన్న టార్క్ కన్వర్టర్ (ఇంజన్ పవర్‌ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) వేయమన్నాడు, మీ ఫ్రెండ్ ఉన్నదాన్ని కదపొద్దన్నాడు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

ఇద్దరి మాటా వద్దు. మీ ఇంజన్ వెనక 2200 నుంచి 2500 మధ్య ఫ్లాష్ అయ్యే, అంటే ఒక్కసారిగా పూర్తిగా తొక్కినప్పుడు అక్కడ స్టాల్ అయ్యే కన్వర్టర్ తీసుకోండి. 10 లేదా 11 అంగుళాలది, లోపలి రెక్కలు బ్రేజింగ్ చేసినది, దానితోపాటు విడిగా ఒక ఆయిల్ కూలర్. ఇంతే నా సమాధానం. యాక్సిల్ గానీ గేర్‌బాక్స్ గానీ ఏడాది రెండేళ్ళలో మార్చే ఉద్దేశం ఉంటే మాత్రం ఇప్పుడు కన్వర్టర్ కొనకండి. ఆ సంగతి కింద చెబుతాను.

నేను డెట్రాయిట్ దగ్గర ఒక ట్రాన్స్‌మిషన్ షాపులో చాలా ఏళ్ళు బెంచ్ మీద పని చేశాను. ఇప్పటికీ వారాంతాల్లో తెలిసినవాళ్ళ పాత కార్లు చూస్తుంటాను. కాబట్టి కేటలాగుల్లో ఉన్నది తిరగరాయకుండా, అందులో రాయని సంగతులే ఎక్కువ చెబుతాను.

మొదటి సంగతి. పెట్టె మీద 2400 అని ఉంటే అది ఆ కన్వర్టర్‌కి పుట్టుకతో వచ్చిన గుణం అనుకుంటారు చాలామంది. కాదు. స్టాల్ స్పీడ్ అంటే కన్వర్టర్‌లో గేర్‌బాక్స్ వైపు ఉండే రెక్కల చక్రం (టర్బైన్) కదలకుండా నిలిచిపోయినప్పుడు ఇంజన్ ఎంత ఆర్‌పీఎం దాకా లేవగలదో ఆ అంకె. ఎంత లేస్తుందన్నది ఇంజన్ తోసే తోపు మీద ఆధారపడుతుంది. ఒకే కన్వర్టర్‌ని బలమైన ఇంజన్ వెనక పెడితే ఎక్కువ దగ్గర, బలహీనమైన ఇంజన్ వెనక పెడితే తక్కువ దగ్గర స్టాల్ అవుతుంది. లెక్క కూడా సులువే. స్టాల్ ఆర్‌పీఎం టార్క్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 300 పౌండ్-అడుగుల టార్క్ ఇచ్చే ఇంజన్ వెనక 2400 దగ్గర స్టాల్ అయ్యే కన్వర్టర్‌ని 450 ఇచ్చే ఇంజన్‌కి బిగిస్తే దాదాపు 2940 దగ్గర స్టాల్ అవుతుంది. వస్తువు అదే, పెట్టె మీద అంకే అదే, కారు నడక మాత్రం పూర్తిగా వేరు.

దీనికి నా దగ్గరికి వచ్చిన ఒక డాడ్జ్ చార్జర్ కారు ఉదాహరణ. 1968 మోడల్, 440 మాగ్నమ్ ఇంజన్, టార్క్‌ఫ్లైట్ 727 గేర్‌బాక్స్, యాక్సిల్ 3.23. ఓనరు "గేర్‌బాక్స్ జారిపోతోంది, విప్పేయండి" అని తెచ్చాడు. నడిపి చూశాను. క్లచ్‌లు గట్టిగా పట్టుకుంటున్నాయి, ఆయిల్ ఇంకా ఎర్రగానే ఉంది, ప్రెషర్ సరిగ్గా ఉంది. సిగ్నల్ దగ్గర కాలు వేస్తే మాత్రం ఇంజన్ 3000 దాకా అరిచి, ఆ తర్వాతే కారు కదులుతోంది. ఆరా తీస్తే తెలిసింది, ఎవరి దగ్గరో కొన్న పాత కన్వర్టర్ అది. "2500 స్టాల్" అని చెప్పి అమ్మారట. అమ్మినవాడు అబద్ధమేమీ చెప్పలేదు, అతని దగ్గర అది 318 అనే చిన్న ఇంజన్ వెనక ఉండేది. 440కి ఫ్యాక్టరీ ప్రకటించిన టార్క్ 480 పౌండ్-అడుగులు. 318తో 2500 దగ్గర నిలిచింది 440తో 3000 దాకా లేవకుండా ఎలా ఉంటుంది? గేర్‌బాక్స్‌లో ఒక్క వాషర్ కూడా మార్చలేదు. కన్వర్టర్ మార్చాం, జారడం పోయింది.

అందుకే కన్వర్టర్ తయారుచేసేవాళ్ళు ఇచ్చే ఫారంలో మీ ఇంజన్ గురించి గొప్పలు రాయకండి. ఇది చెప్పడం తేలిక, పాటించేవాళ్ళు తక్కువ. 1971 దాకా ఫ్యాక్టరీలు ప్రకటించినవి గ్రాస్ హార్స్‌పవర్ అంకెలు. ఫ్యాన్, ఆల్టర్నేటర్, కారు సొంత ఎగ్జాస్ట్ లేకుండా బెంచ్ మీద కొలిచినవి. 1972 నుంచి నెట్ అంకెలు వచ్చాయి, కాగితం మీద పవర్ ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపించింది. 1970 షెవెల్ నాలుగు బ్యారెల్స్ 350కి ప్రకటించిన 300 హార్స్‌పవర్, 380 పౌండ్-అడుగులు కూడా గ్రాస్ లెక్కే. మీరు కామ్, హెడర్లు వేశారు గనక "ఓ 450 టార్క్ ఉంటుందిలే" అని రాస్తే, వాళ్ళు 450కి సరిపడా బిగుతుగా కట్టి పంపుతారు (తక్కువ ఆర్‌పీఎంకే స్టాల్ అయితే బిగుతు, ఎక్కువ దగ్గర అయితే వదులు). 450 దగ్గర 2800 స్టాల్ అవ్వాల్సింది, మీ ఇంజన్ నిజంగా 350 ఇస్తే 2470 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు "2800 అన్నారు, మోసం చేశారు" అని రివ్యూ రాస్తారు. ఇంకో మాట. ఇక్కడ చూడాల్సింది గరిష్ఠ టార్క్ కాదు, స్టాల్ అయ్యే ఆర్‌పీఎం దగ్గర ఇంజన్ ఇచ్చే టార్క్. మీలాంటి ఇంజన్ 2400 దగ్గర 340 చుట్టుపక్కల ఇస్తుందని నేను లెక్క వేసుకుంటాను.

ఇప్పుడు 3000 ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. మీ ఫ్రెండ్ చెప్పిన కారణం, "హైవే మీద ఇంజన్ 3000 కంటే తక్కువ తిరుగుతుంది, కన్వర్టర్ ఎప్పటికీ పట్టుకోదు, జారుతూనే ఉంటుంది" అన్నది, సగమే నిజం. వినడానికి బాగుంటుంది గనక అందరూ అదే చెబుతారు.

ఆర్‌పీఎం లెక్క చూద్దాం. గంటకి ఎన్ని మైళ్ళో దాన్ని యాక్సిల్ రేషియోతో, ఆపై 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగించాలి. మీ టైరు ఎత్తు సుమారు 26 అంగుళాలు. 3.08 యాక్సిల్‌తో 65 మైళ్ళ వేగం దగ్గర 2590 వస్తుంది, 70 దగ్గర 2790. మీ ఫ్రెండ్ లెక్క ప్రకారం 3000 కన్వర్టర్ ఇక్కడ పట్టుకోకూడదు. కానీ పైన చెప్పుకున్న వర్గమూలం ఇక్కడా పనిచేస్తుంది. చదును రోడ్డు మీద 65 దగ్గర ఆ కారుకి కావాల్సిన టార్క్ మహా అయితే 80 పౌండ్-అడుగులు. 350 టార్క్ దగ్గర 3000 స్టాల్ అయ్యే కన్వర్టర్, 80 దగ్గర దాదాపు 1430కే స్టాల్ అవుతుంది. మీరు 2590లో ఉన్నారు. కాబట్టి పట్టుకునే ఉంటుంది, కాస్త జారుడుతో.

చిక్కు ఎక్కడంటే, రోడ్డు ఎప్పుడూ చదునుగా ఉండదు. నలుగురు కూర్చున్నారు, ఏసీ నడుస్తోంది, ఎత్తు ఎక్కుతున్నారు, ఎదురుగాలి వీస్తోంది. ఇప్పుడు 200 పౌండ్-అడుగులు కావాలి. అదే కన్వర్టర్‌కి ఆ టార్క్ దగ్గర స్టాల్ 2270. మీ 2590 దానికి మరీ దగ్గర. ఇక జారడం మొదలవుతుంది, ఇంజన్ మోత పెరుగుతుంది, వేగం మాత్రం పెరగదు, వేడి ఎక్కుతుంది.

ఊళ్ళో ఇంకా ఘోరం. 35 మైళ్ళ దగ్గర టర్బో 350 అప్పటికే మూడో గేరులో ఉంటుంది, ఆ వేగానికి షాఫ్ట్ తిరిగేది 1390 ఆర్‌పీఎం. ముందు బండి కదిలింది, మీరు యాక్సిలరేటర్ కొంచెం నొక్కారు, ఇంజన్ 150 పౌండ్-అడుగులు ఇచ్చింది. 3000 కన్వర్టర్‌కి ఆ టార్క్ దగ్గర స్టాల్ 1960. అంటే ఇంజన్ ముందు 2000 పైకి లేచి అరవాలి, ఆ తర్వాతే కారు ముందుకి వెళ్తుంది. 2400 కన్వర్టర్‌కి అదే చోట 1600. ఇంజన్ కాస్త లేస్తుంది, వెంటనే కారు కదులుతుంది. రోజూ మీ కాలికి తెలిసే తేడా ఇదే. సిగ్నల్ దగ్గర ఒకసారి టైర్లు కాల్చి చూపించే సరదా వారంలో తీరిపోతుంది, ఈ జిడ్డు మాత్రం కారు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.

జారిన ప్రతిదీ వేడిగా మారుతుంది. కన్వర్టర్ ఒకసారి పట్టుకున్న దశకి వచ్చాక టార్క్ పెంచడం ఆపేస్తుంది, కాబట్టి 10 శాతం జారిందంటే 10 శాతం పవర్ ఆయిల్‌లో వేడిగా కలిసిందనే అర్థం. హైవే మీద ఇంజన్ 30 హార్స్‌పవర్ ఇస్తుంటే అందులో 3 హార్స్‌పవర్ అలా పోతోంది. అది 2.2 కిలోవాట్లు, మన ఇళ్ళలో స్నానానికి పెట్టుకునే గీజరుని ట్రాన్స్‌మిషన్‌లో ఆపకుండా ఆన్‌లో ఉంచినట్టు. రేడియేటర్ అడుగున ఉండే చిన్న కూలర్ దీన్ని భరిస్తుంది. రెట్టింపైతే భరించలేదు.

ఇక్కడ ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. 1995లో మొదలైంది. పాత కార్లన్నీ వుడ్‌వర్డ్ అవెన్యూ మీదికి వచ్చి ఎండలో గంటల తరబడి పాకుతాయి. ఆగడం, ఒక కారు పొడవు కదలడం, మళ్ళీ ఆగడం. గాలి ఆడదు. ఆ మర్నాడు షాపుకి వచ్చే కార్లలో ఎక్కువ భాగం ఒకే రకం. ఇంజన్ మామూలుది, యాక్సిల్ 2.73 లేదా 3.08, లోపల రేసు కోసం కట్టిన వదులు కన్వర్టర్. డిప్‌స్టిక్ తీసి తెల్ల కాగితం మీద తుడిస్తే ఎరుపు ఉండదు, గోధుమరంగు మరక, మాడిన వాసన. ఆటోనగర్‌లో పాత మేస్త్రీలు బండి కింద దూరకముందే ఆయిల్ వాసన చూసి జబ్బు చెప్పేవాళ్ళు, అది ఇక్కడ కూడా పనికొచ్చే విద్యే. సంప్‌లో ఆయిల్ 175 నుంచి 200 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటే హాయిగా నిద్రపోవచ్చు. 240 దాటి రోజూ నడిస్తే సీళ్ళు గట్టిపడతాయి, ఆయిల్ వార్నిష్‌లా మారుతుంది, ఆ తర్వాత క్లచ్ ప్లేట్ల వంతు.

కూలర్ లేకుండా కన్వర్టర్ మార్చకండి. గొట్టం తిప్పినరకం కాకుండా ప్లేట్లు పేర్చినరకం కొనండి. ట్రాన్స్‌మిషన్ నుంచి వేడి ఆయిల్ ముందు రేడియేటర్‌లోకి, అక్కడి నుంచి ఈ కూలర్‌లోకి, ఆ తర్వాత వెనక్కి. చలి ప్రాంతంలో ఉంటే రేడియేటర్‌ని తప్పించొద్దు, చలికాలంలో ఆయిల్ త్వరగా వేడెక్కడానికి అది పనికొస్తుంది. ఉష్ణోగ్రత గేజ్ కూడా పెట్టండి, సెన్సర్ సంప్‌లో ఉండాలి. కన్వర్టర్ నుంచి బయటికొచ్చే గొట్టంలో పెడితే అంకెలు ఎగిరెగిరి పడుతూ అనవసరంగా టెన్షన్ పెడతాయి.

మరి స్టాక్‌దే ఉంచమన్న మీ ఫ్రెండ్ మాట ఎందుకు వద్దు? కామ్ వల్ల. 0.050 దగ్గర 210 డిగ్రీల లోపు కామ్ అయితే స్టాక్ కన్వర్టర్‌తో చక్కగా నడిచేది. 224/230 కామ్ ఇంజన్‌కి 1600–1700 దాకా పెద్దగా ఊపు ఉండదు. మీ స్టాక్ కన్వర్టర్ దాదాపు అక్కడే స్టాల్ అవుతుంది. అంటే కారు కదలాల్సిన క్షణంలో ఇంజన్ ఇంకా నిద్రలోనే ఉంటుంది. పైగా డ్రైవ్‌లో పెట్టి బ్రేక్ మీద నిలబడ్డప్పుడు బిగుతు కన్వర్టర్ ఇంజన్‌ని కిందికి లాగుతుంది. న్యూట్రల్‌లో 850 ఉన్న ఐడిల్ డ్రైవ్‌లో వేయగానే 600కి పడితే వ్యాక్యూమ్ పడిపోతుంది, పవర్ బ్రేక్ గట్టిపడుతుంది, కారు అంతా వణుకుతుంది. అప్పుడు జనం చేసే పని, ఐడిల్ స్క్రూ తిప్పి 1000కి పెంచడం. ఇక రివర్స్‌లో వేసిన ప్రతిసారీ ఢంగుమని తన్ను, ఇంజన్ ఆపాక కూడా కాసేపు కొట్టుకోవడం. న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కి 100–150 ఆర్‌పీఎం పడితే పర్లేదు. 250 దాటితే మీ కామ్‌కి ఆ కన్వర్టర్ బిగుతని అర్థం చేసుకోవచ్చు. ముందు టైమింగ్, కార్బురేటర్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని ఆ తర్వాతే కన్వర్టర్‌ని అనుమానించండి.

కామ్ కార్డు మీద పవర్ రేంజ్ ఎక్కడ మొదలవుతుందో రాసి ఉంటుంది. దానికి 500 నుంచి 800 కలిపితే స్టాల్ వచ్చేస్తుంది, వీధి కారుకి ఈ లెక్క చాలావరకు నప్పుతుంది. ఇన్‌టేక్ అంకె 230ల్లో ఉన్న కామ్ అయితే 2600–2800 అడిగేవాణ్ణి, 240 దాటితే 3000 పైమాటే. కానీ అలాంటి కామ్‌కి 3.08 యాక్సిల్ కూడా నప్పదు, అప్పుడు కారు మొత్తం వేరే కథ.

ఎక్కువ స్టాల్ ఎప్పుడూ తప్పే అనుకోకండి. రెండే గేర్లున్న పవర్‌గ్లైడ్ గేర్‌బాక్స్‌తో ఒక 1967 చెవీ నోవా చూశాను, 283 ఇంజన్. టర్బో 350 మొదటి గేరు 2.52 అయితే, పవర్‌గ్లైడ్‌ది 1.76 లేదా 1.82. అంత పొడవు గేరుతో బిగుతు కన్వర్టర్ ఉంటే కారు సిగ్నల్ దగ్గర బద్ధకంగా లేస్తుంది. అక్కడ చిన్న ఇంజన్‌కి సరిపడేలా 2600 కట్టించాం, మనిషే మారిపోయినట్టు అయింది ఆ కారు. స్టాల్ దగ్గర కన్వర్టర్ టార్క్‌ని దాదాపు రెండింతలు చేస్తుంది. లోపల మధ్యలో ఉండే స్టేటర్ అనే రెక్కల చక్రం వెనక్కి వచ్చే ఆయిల్‌ని మళ్ళించి ఇంజన్ వైపు చక్రానికి (ఇంపెల్లర్) సాయపడేలా పంపడం వల్ల వచ్చే లాభం అది. గేరు లేని చోట ఈ రెండింతలే గేరు పని చేస్తాయి. మీకు 2.52 ఉంది గనక అంత అవసరం లేదు.

బిగుతూ కావాలి, వదులూ కావాలి అనే ఈ తగువు ఇవాళ్టిది కాదు. జీఎం 1965–67 మధ్య బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, కాడిలాక్ కార్ల టర్బో 400లో స్టేటర్ రెక్కల కోణాన్నే సోలినాయిడ్‌తో మార్చే ఏర్పాటు పెట్టింది. ఒక కోణంలో వదులు, ఇంకో కోణంలో బిగుతు. అద్భుతమైన పని. ఇప్పటికీ వాటిని వెతికి కొని చెవీలకి బిగించుకునే పిచ్చివాళ్ళు ఉన్నారు, ఆ పిచ్చి నాకూ కొంచెం ఉంది. మీకు మాత్రం వద్దు, పంపు, ఇన్‌పుట్ షాఫ్ట్ అన్నీ మార్చాల్సి వస్తుంది.

ఇక మొదట్లో ఆపిన మాట. కన్వర్టర్‌ని చివర్లో కొనండి. చాలామంది దాన్నే ముందు కొంటారు, తర్వాత యాక్సిల్ మారుస్తారు, ఆపైన ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజన్ ఆర్‌పీఎం తగ్గించే నాలుగో గేరు) ఉన్న గేర్‌బాక్స్ మీద మనసవుతుంది. 3.08ని 3.73 చేస్తే మీ కారు కుర్రతనంగా లేస్తుంది, కానీ 65 దగ్గర ఇంజన్ 3130 తిరుగుతుంది. గంటసేపు ఆ మోత మీకు సరదాగానే ఉంటుంది, వెనక సీట్లో అమ్మానాన్నలకి ఉండదు. అందుకే 3.73 వేసినవాళ్ళు ఆర్నెల్లలో 700ఆర్4 లేదా 200-4ఆర్ అనే ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్‌ల వైపు చూస్తారు. 200-4ఆర్‌లో నాలుగో గేరు 0.67. అప్పుడు అదే 3.73తో 65 దగ్గర 2100 చాలు. పొడవులో కూడా అది పొట్టి టెయిల్ ఉన్న టర్బో 350తో దాదాపు సమానం, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయక్కర్లేదు, క్రాస్‌మెంబర్ వెనక్కి జరిపితే సరిపోతుంది. పైగా వీటికి లాకప్ కన్వర్టర్ ఉంటుంది. హైవే మీద లోపలి క్లచ్ పడిందంటే జారుడు సున్నా. అప్పుడు 2600–2800 స్టాల్ పెట్టుకున్నా వేడి భయం ఉండదు, ఊళ్ళో వదులు, హైవే మీద బిగుతు. మీ టర్బో 350 కోసం కొన్న కన్వర్టర్ మాత్రం అక్కడ పనికిరాదు, ఆ డబ్బు వృథా. ఓవర్‌డ్రైవ్‌కి వెళ్ళాలని మనసులో ఏ మూలైనా ఉంటే ఈ ఏడాది స్టాక్ కన్వర్టర్‌తోనే సర్దుకోండి. వెళితే టీవీ కేబుల్ (థ్రాటిల్ ఎంత తెరిచారో గేర్‌బాక్స్‌కి తెలిపే తీగ) సర్దుబాటు తెలిసినవాళ్ళతోనే చేయించండి, అది తప్పితే 700ఆర్4లో 3–4 క్లచ్ కొద్ది మైళ్ళలోనే మాడిపోతుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి? రెక్కలు ఫర్నేస్‌లో బ్రేజింగ్ చేసి ఉండాలి, మడతపెట్టి ఇరికించినవి కాదు. థ్రస్ట్ వాషర్ల బదులు నీడిల్ బేరింగులు ఉండాలి. ఈ రెండూ ఉంటే మీ పవర్‌కి చాలు. "యాంటీ బెలూన్ ప్లేట్" అని ఇంకో వంద డాలర్లు అడిగితే వద్దనండి, అది నైట్రస్, ట్రాన్స్‌బ్రేక్ లాంటి రేసు సరంజామా వాడేవాళ్ళకి. మీకు బరువు తప్ప మరేమీ కలిసిరాదు. మామూలు రీబిల్ట్ కన్వర్టర్‌కి బయట "2000–2400" స్టిక్కర్ అంటించి అమ్మేవి కూడా ఉంటాయి. అంత విశాలమైన రేంజ్ రాశారంటే ఎవరి ఇంజన్‌కైనా సరిపోతుందని చేతులు దులుపుకున్నట్టే. మీ కారు బరువు, కామ్ కార్డు, యాక్సిల్, టైరు ఎత్తు అడిగి తెలుసుకుని కట్టేవాళ్ళ దగ్గర కొనండి. ఏమీ అడగకుండా కార్డు నంబరు మాత్రం అడిగేవాళ్ళని వదిలేయండి.

మీ కారులో ఉన్న 350 పుట్టినప్పటిదేనా అన్నది ముందు ఖాయం చేసుకోండి. బ్లాక్ వెనక క్యాస్టింగ్ నంబర్ చూడండి. 1970 నాటి 350 అయితే ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజన్‌కి కన్వర్టర్‌ని కలిపే పళ్ళ చక్రం) మీద బ్యాలెన్స్ బరువు అక్కర్లేదు. 400 స్మాల్ బ్లాక్ అయితే బరువున్నదే కావాలి. 1986 తర్వాతి ఒకే ముక్క రేర్ సీల్ ఇంజన్‌కి ఇంకో రకం. ఇవి కలగాపులగం చేస్తే వణుకు కన్వర్టర్‌దే అనుకుని దాన్ని వెనక్కి పంపుతారు, తప్పు దానిది కాదు. 153 పళ్ళ ఫ్లెక్స్‌ప్లేట్‌కి ఒక స్టార్టర్, 168 పళ్ళకి ఇంకొకటి. కన్వర్టర్ బోల్టుల వలయం 10.75 అంగుళాలా 11.5 అంగుళాలా అన్నది కూడా కొలవండి.

బిగించేటప్పుడు ఒక్క చోట తొందర పడకండి. కొత్త కన్వర్టర్‌లో ముందు ఒక క్వార్ట్ ఆయిల్ పోయండి. గేర్‌బాక్స్ ముక్కు మీదికి ఎక్కించి, లోపలికి నెడుతూ మెల్లగా తిప్పండి. ఒకసారి టక్కున దిగుతుంది. అయిపోయింది అనిపిస్తుంది, కాలేదు. మళ్ళీ తిప్పితే ఇంకోసారి దిగుతుంది, ఆ తర్వాత మూడోసారి. టర్బైన్ స్ప్లైన్లు, స్టేటర్ సపోర్టు, పంపు గేరు, మూడూ దొరకాలి. మూడో టక్కు రాకుండా గేర్‌బాక్స్‌ని ఇంజన్‌కి ఆనించి బోల్టులతో లాగితే పంపు గేరు అక్కడికక్కడే విరుగుతుంది. హౌసింగ్ ఇంజన్‌కి పూర్తిగా ఆనాక కన్వర్టర్ ఇంకా చేత్తో స్వేచ్ఛగా తిరగాలి. ఫ్లెక్స్‌ప్లేట్‌కి దానికి మధ్య 1/8 నుంచి 3/16 అంగుళం ఖాళీ ఉండాలి, డ్రిల్ బిట్ దూర్చి చూస్తే చాలు. ఖాళీ అసలు లేకపోతే ఆపేసి వెనక్కి తీయండి. 3/16 మించితే గట్టి వాషర్లు వేసి సరిచేయండి. పొడవు బోల్టులు వాడొద్దు, కన్వర్టర్ ముందు కవరుని బయటి నుంచి లోపలికి పొడుస్తాయి. పాత గేర్‌బాక్స్ మాడి చచ్చిపోయి ఉంటే దానితో ఉన్న కన్వర్టర్‌ని, కూలర్‌ని మళ్ళీ వాడే ఆలోచన వదిలేయండి. వాటి లోపలి చెత్త ఎంత కడిగినా పూర్తిగా పోదు.

నడిపి పరీక్షించే విధానంలో కూడా గందరగోళం ఉంది. బ్రేక్ తొక్కి పట్టి గ్యాస్ ఇచ్చి చూసే అంకె అసలు స్టాల్ కాదు. మీ షెవెల్ వెనక డ్రమ్ములు 2000 దాటేసరికి చేతులెత్తేస్తాయి, చక్రాలు తిరిగిపోతాయి. ఆ అంకె చూసి తక్కువ వచ్చిందని ఫోన్ చేయకండి. అసలైనది ఫ్లాష్ స్టాల్. ఇంజన్, గేర్‌బాక్స్ బాగా వేడెక్కాక ఖాళీ రోడ్డు మీద నిలిచిన చోటు నుంచి ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. సూది పైకెగిరి ఒక చోట క్షణం ఆగి, ఆ తర్వాత కారుతో పాటు ఎక్కుతుంది. ఆగిన చోటే మీ అంకె. టైర్లు కాలితే ఆ కొలత లెక్కలోకి రాదు. బ్రేక్ మీద పట్టి ఉంచే పరీక్ష ఎప్పుడూ 5 సెకన్లు మించకూడదు, ఆ సమయంలో ఇంజన్ పవరంతా ఆయిల్‌లోకే పోతుంది.

మొదటి ఆయిల్ స్థాయి ఇంజన్ నడుస్తూ, పార్క్‌లో, వేడిగా ఉన్నప్పుడు చూడండి. ఇది చెవీకి వర్తిస్తుంది, టార్క్‌ఫ్లైట్ వాళ్ళు న్యూట్రల్‌లో చూడాలి, ఆ పాత వాటిల్లో పార్క్‌లో కన్వర్టర్‌కి ఆయిల్ వెళ్ళదు. 500 మైళ్ళ తర్వాత సంప్ విప్పి ఫిల్టర్ మార్చండి. అడుగున బూడిదరంగు సన్నపొడి కొద్దిగా ఉంటే మామూలే. మెరిసే రేకు ముక్కలు కనిపిస్తే ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతాను. అప్పటిదాకా న్యూట్రల్‌లో, డ్రైవ్‌లో మీ వ్యాక్యూమ్ ఎంతెంత ఉందో, ఐడిల్ ఎంత పడుతోందో రాసుకుని పెట్టుకోండి. కన్వర్టర్ కట్టేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే.